సముద్రం ఒడ్డున చెలమ

మేనత్త కళ్లద్దాలు తయారు కావడానికి మరో రోజు పడుతుందని మద్రాసు డాక్టరు చెప్పినప్పుడు నేను లోలోపల ఎంత సంతోషించానో ఎవరికీ తెలియదు. ఆళ్లగడ్డలో బయలుదేరేటప్పుడే నా డైరీలో ఒక పేజీకి పైన ‘సముద్రం’ అని రాసి కింద ఖాళీ వదిలాను. పుస్తకాల్లో చదవడమే తప్ప నేను సముద్రాన్ని చూసింది లేదు. చూస్తే చాలదు, అందులో కాళ్లు పెట్టి నిలబడాలి. ఆ మాట ఎవరితోనూ అనలేదు. మా ఇంట్లో నేనేదైనా అడిగితే అందరూ ఒక్కసారిగా నా వైపు తిరుగుతారు. ఆ చూపులకే అడగాలనుకున్నది మరచిపోతాను.

మేం దిగిన సత్రం గుమాస్తా నాయనకు ఒక చోటు చెప్పాడు. నగరానికి దక్షిణాన, సముద్రం పక్కనే సర్కారు పెంచిన సరుగుడు తోట. జనం భోజనాలు కట్టుకుపోయి సాయంత్రం దాకా గడిపి వస్తారట. మధ్యాహ్నానికి చేరాం. తిరుగు బస్సు నాలుగింటికి, అదే ఆఖరుదని కండక్టరు వేళ్లు చూపించి మరీ చెప్పాడు.

ఇసుక దిబ్బ ఎక్కగానే కనిపించింది సముద్రం. నేను చెప్పులు విడిచేలోగా అత్త నా రెక్క పట్టుకుంది.

“ఈపొద్దు మంగళారం. అమాసకో పున్నానికో తప్ప సముద్రాన్ని తాకగూడదు. ఈడనుంచే దండం పెట్టుకో.”

“నీకు కనపడ్తాందా అత్తా?”

“నాకు యాడ కనపడ్తాది? ఏందో నీలంగా కదుల్తాంది. సాల్లే, రా, ఆకలైతాంది.”

చెట్ల కింద కూర్చుని జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి తిన్నాం. పొడి మహా కారం. రొట్టెల కంటే ముందే మరచెంబులో నీళ్లు అయిపోయాయి. తోట గేటు దగ్గర కొళాయి ఉంది, నేను పోయి పట్టుకొస్తానన్నాను. ఒడ్డు వెంబడి చుట్టూ తిరిగి పోవచ్చని నా ఆశ. నాయన ఒప్పుకోలేదు.

“ఆ నీళ్లు తుప్పు వాసన. కాళ్ల కింద ఇంత ఇసక పెట్టుకోని కొళాయికి పోతారా యెవరన్నా?”

ఎండాకాలం వక్కిలేరు ఎండిపోతే మా ఊరివాళ్లు ఇసుకలో గుంట తవ్వి, అడుగున ఊరిన నీళ్లు తోడుకుంటారు. దాన్నే చెలమ అంటాం. ఇసుక కనబడితే నాయన చేతులు ఊరుకోవు. పంచె ఎగగట్టి మోకాళ్ల మీద కూర్చున్నాడు. తవ్విన ఇసుక దూరంగా పోయడం నా పని.

తోటమాలి వచ్చి అరవంలో ఏదో అడిగాడు. “నీళ్లప్పా, నీళ్లు!” అన్నాడు నాయన తలెత్తకుండా. మాలి ఒకసారి గుంటను, ఒకసారి సముద్రాన్ని చూశాడు. సముద్రం వైపు చెయ్యి చూపించి, నవ్వుకుంటూ పోయాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తవ్వేకొద్దీ అంచులు కూలేవి. కూలినప్పుడల్లా నాయన ఇంకొంచెం వెడల్పు చేసేవాడు. నంద్యాలలో రైలెక్కి, గుంతకల్లులో మారి, ఇంతదూరం వచ్చి నేను చూస్తున్నదేమిటి? సముద్రానికి వీపు పెట్టి ఒక గుంటను. వెనక అలల చప్పుడు వినపడుతూనే ఉంది. మూడు దాటింది. ఏడుపు వచ్చింది గానీ, ఏడిస్తే ఎందుకని అడుగుతారు.

చివరికి నీళ్లు ఊరాయి. నాయన దోసిలితో ఎత్తి పుక్కిలించి, తాగి, “తియ్యగుండాయి! మన ఏటి నీళ్లే!” అన్నాడు.

“ఉప్పు సముద్రం పక్కన తియ్యటి నీళ్లా! నీ చెయ్యి మంచిదిరా అబ్బీ,” అని అత్త తన తమ్ముణ్ణి మెచ్చుకుని, నాకు మరచెంబు అందించింది. దానికి పొడి జిడ్డు, ఇసుక. కడుగుదామని చెలమలోకి వంగాను.

“ఏమ్మే! తియ్యటి నీళ్లతో చెంబు కడుగుతావా? ఆడ అన్ని ఉప్పునీళ్లు ఊరికే పడుండాయి గదా! పోయి తోముకోని బిన్నా రాపో!”

మంగళవారం సంగతి ఆమెకు గుర్తు రాలేదు. నేను గుర్తు చేయలేదు. చెంబు పట్టుకుని పరుగెత్తాను.

మోకాళ్ల దాకా దిగి నిలబడ్డాను. కాళ్ల కింద ఇసుక జారిపోతోంది. చెంబు ఎప్పుడో తెల్లబడింది. ఇసుక వేసి తోమి, కడిగి, మళ్లీ ఇసుక వేశాను. దిబ్బ మీది నుంచి అత్త కేక వేసింది.

“ఏమ్మే, చెంబు తోముతాండావా, కొత్తది పోత పోస్తాండావా? బస్సు పోతాది!”

“ఇంకా జిడ్డు పోలేదత్తా!” అని అరిచి, ఇంకో గుప్పెడు ఇసుక వేశాను.