రెండు గెడ్డలూ మా బావా

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. బావను బావమరిది మెచ్చుకుంటే ఎవరు నమ్ముతారు? పైగా మొన్న గుణుపురంలో మా బావ పోయాడన్న కబురు వచ్చినప్పటినుంచీ, కలం పట్టుకుంటే నీళ్ళ చప్పుడు తప్ప మాట రావడం లేదు.

ఆయన అడవి శాఖలో ఫారెస్టరు. నేను పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు నేర్చినవాణ్ణి. (ఆ కాగితాల్లో పల్లీలకంటే సగంలో తెగిపోయిన కథలే రుచి. అవన్నీ చెప్పడం మొదలుపెడితే మా బావ సంగతి రేపటికి పడుతుంది.)

నారాయణపట్న అవతల ఒకే కొండకి అటొకటీ ఇటొకటీ రెండు గెడ్డలు, అంటే కొండవాగులు, దిగుతాయి. పొద్దున్న మంచులో కొండ కనిపించదు. గెడ్డలు ఆకాశంలోంచే దిగుతున్నట్టుంటాయి. అడవి కొడితే గెడ్డలో నీరు పెరుగుతుందని పై అధికారులు. ఎండిపోతుందని కింద వరి పండించేవాళ్ళు. ఏది నిజమో తన కళ్ళతో చూడాలని మా బావ పట్టు. ఒక పక్క రైలు స్లీపర్లకని గుగ్గిలం చెట్లు కొడతారు, రెండో పక్క ముట్టుకోరు. కొట్టకముందూ కొట్టాకా రెండు గెడ్డల్నీ కొలవాలి. అందుకని రెండింటికీ అడ్డంగా గంటు కోసిన చెక్కలు బిగించాడు. గంటులోంచి నీరు ఎంతెత్తున పోతోందో చూస్తే లెక్క తేలుతుందట.

కొన్ని వానాకాలాలు అలా గడిచాయి. నేను వెళితే గట్టు మీద కూర్చోబెట్టుకునేవాడు. నా మాటల మధ్యలో చెయ్యెత్తి, "ఉండరా, నీటి సప్పుడు మారింది" అనేవాడు. నాకైతే ఏమీ మారినట్టుండేది కాదు. వింటూ వింటూ ఇద్దరం కునుకు తీసేవాళ్ళం. మెలకువ వచ్చేసరికి ఒళ్ళో ఆకులు రాలి ఉండేవి.

చిక్కంతా కొలవడంలోనే వచ్చింది. నీటి మట్టానికి కన్ను దించితేగాని చెక్క మీది గీత సరిగ్గా తెలియదు. అందుకని మా బావ రోజూ గట్టున చెప్పులు విప్పి, నీళ్ళలో దిగి, చెక్క ముందు మోకరిల్లి తల వంచేవాడు. ఊరివాళ్ళు చూశారు. సర్కారు మనిషి చెప్పులు విప్పి వంగేది ఎవరి ముందు? కొన్నాళ్ళకి రెండు చెక్కలకీ పసుపూ పువ్వులూ వచ్చాయి.

చెట్లు కొట్టే రోజున కూలీలు గొడ్డళ్ళు కింద పెట్టేశారు. కంట్రాక్టరు మా బావ దగ్గరికి వచ్చాడు. "అది ఉత్త సెక్కేనని మీరొక్క మాట సెప్పండి బాబూ, సాలు." ఆ మాట చెబితే చెట్లు పడతాయి, బావకు కావలసిన జవాబు దొరుకుతుంది. చెప్పకపోతే ఇన్నేళ్ళ కొలతా దండగ.

ఊరికి ముహూర్తాలు చెప్పే ముసలి దిశారి అందరి ముందూ అడిగాడు.

"నీ దేవుడు ఏటంటన్నాడు బాబూ?"

మా బావ చెప్పులు విప్పాడు. దిగి, మోకరిల్లి, చాలాసేపు చూశాడు. కొండ మీది ఎండ మెల్లగా జారి చెక్క మీది పసుపు దాకా వచ్చింది. అప్పుడు లేచాడు.

"ఇంకా ఏటీ సెప్పలేదు."

అందులో అబద్ధం లేదు. కొన్నాళ్ళు చూసి చూసి కంట్రాక్టరు వేరే కొండకి పోయాడు.

ఇన్నేళ్ళ కష్టమూ నీళ్ళలో పోశావేమని నేను దెప్పితే మా బావ నవ్వాడు. "రెండు గెడ్డలూ పారతన్నాయిరా. పోల్సి సూడ్డానికే ఏటీ లేదు."

ఆ జవాబు తెలియకుండానే పోయాడు. ఉద్యోగం మానేశాక కూడా వాన మొదలైతే చెయ్యెత్తి వినేవాడు. ఇప్పుడు నేనూ మాట ఆపుతున్నాను. నాలాంటి వాగుడుకాయకు అది ఆయన నేర్పిన చదువు.

పదోరోజున దిశారి, ఆ గెడ్డల కింది రైతులు మరిద్దరు గుణుపురం వచ్చారు. బావ ఇల్లాలు, మా అప్ప, మజ్జిగ ఇచ్చింది. తాగి, గ్లాసులు కడిగి అరుగు మీద బోర్లించి, రాయగడ బస్సు ఎక్కారు.