మెల్లగా మాట్లాడిన సాంచెల మనిషి

సిరిసిల్లలో సాంచెల మధ్య పుట్టినవాళ్లకు మెల్లగా మాట్లాడటం రాదు. మరమగ్గాలను మేము సాంచెలంటాం. పొద్దంతా వాటి మోతలో అరిచీ అరిచీ, ఇంటికొచ్చాక మా బాపు పక్కనే కూర్చున్న అమ్మను ఉప్పు అడిగినా మూడో ఇంటికి వినపడేది. నాకూ ఆ గొంతే వచ్చింది. కోరుట్లలో అత్తగారింట్లో దానికి వంక పెట్టారు. జగిత్యాలలో నేను నర్సుగా చేసే ఆసుపత్రిలోనూ పెట్టారు. గొంతు తగ్గించమని అనిపించుకోని రోజు లేదు. నేను తగ్గించలేదు.

మొన్నటి వానాకాలం జ్వరాల్లో మా వార్డుకు ఒక పెద్దాయన వచ్చాడు. సిరిసిల్లలో నలభై ఏళ్లు సాంచెలు నడిపిన మనిషి. భార్యతో కలిసి కొండగట్టు మొక్కు తీర్చుకోవడానికి వచ్చి, జ్వరం ముదిరి మా దగ్గర చేరాడు. వైరస్ ఊపిరితిత్తుల్లోకి దిగిందన్నారు. మొదటి రోజు ఆయన అరుపులకు వార్డంతా లేచి కూర్చుంది. "చాయ ఏదే? గీ సూది ఇంకెన్నిసార్లు గుచ్చుతరు?" ఆ గొంతు వింటే నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. ఊరికే ఆయనంటే ఇష్టం కలిగింది.

మూడో రోజు మధ్యాహ్నం డ్యూటీ డాక్టరు చార్టులోని అంకెలన్నీ ఫోన్లోని యాప్‌లో కొట్టాడు. జ్వరం, నాడి, బీపీ, నిమిషానికి ఎన్ని శ్వాసలు, అన్నీ వేస్తే రోగికి జబ్బు ముదిరే ప్రమాదముందో లేదో రంగులో చూపిస్తుందది. ఆకుపచ్చ వచ్చింది. రేపు ఇంటికి పంపిద్దామన్నాడు.

పెద్దాయన భార్య సంతోషంగా నా చెయ్యి పట్టుకుంది.

"మా ముసలాయన నిమ్మలమైండు బిడ్డా. పొద్దుగాల నుంచి ఒక్క మాట గట్టిగ అనలే. చెప్పినట్టు ఇంటుండు."

మా బాపు కూడా చివరి రెండు రోజులు అలాగే మెల్లగా మాట్లాడాడు. మంచిగైతున్నాడని అమ్మ పరమాన్నం వండి పక్కింటికి కూడా పంపింది. నేను అప్పటికే నర్సును. నేనూ ఆ పరమాన్నం తిన్నాను. నా మీద నాకున్న ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు. సాంచెల మనిషి గొంతు తగ్గిందంటే నిమ్మళించినట్టు కాదు, అరవడానికి ఊపిరి చాలడం లేదని అర్థం.

మంచం దగ్గరికి పోయాను. "కాకా, ఒక్క ఊపిరిల ఎంతదాక లెక్కవెడ్తవో పెట్టు."

ఏడు దగ్గర ఆగిపోయాడు. తప్పు చేసినవాడిలా నవ్వాడు. గడియారం చూస్తూ, ఆయన పొట్ట లేచి పడటం నిండు నిమిషం లెక్కపెట్టాను. ముప్పై నాలుగు. చార్టులో ఇరవై ఉంది. పొద్దున అది రాసింది నేనే.

దాచడానికేం లేదు. మా వార్డులో శ్వాసలు ఎవరూ లెక్కపెట్టరు. నాడి, బీపీ మిషన్లు చెబుతాయి, రాసుకుంటాం. శ్వాస కోసం ఒక్కో మంచం దగ్గర నిమిషం నిలబడాలి. ఆ నిమిషం దొరకదని అందరికీ ఇరవై వేసేస్తాం. దగ్గేవాడికీ ఇరవై, గురకపెట్టి నిద్రపోయేవాడికీ ఇరవై. పాపం ఆ ఫోన్ లెక్కలో తప్పేమీ లేదు. దానికి అబద్ధం చెప్పింది మేము.

డాక్టరు దగ్గరికి పోయి, పెద్దాయన్ని ఐసీయూకు మార్చాలన్నాను. ఇన్‌చార్జి సిస్టర్ చార్టు లాక్కుంది.

"పొద్దుగాల ఇరవై, గిప్పుడు ముప్పై నాలుగా? గీ సంతకం ఎవలది?"

"నాదే. లెక్కవెట్టకుంట రాసిన."

"మెల్లగ మాట్లాడు! పేషెంట్లు ఇంటరు."

"ఇననియ్యుండ్రి."

డాక్టరు నా మొహం చూశాడు, చార్టు చూశాడు. లేచి పోయి, పెద్దాయన వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టి పది అడుగులు నడిపించాడు. తొంభై నాలుగు నుంచి ఎనభై ఆరుకు పడింది. నేను చెప్పిన అంకె ఫోన్లో కొట్టాడు. ఎరుపు వచ్చింది. సాయంత్రానికి ఆయన ఐసీయూలో, మొహానికి మాస్కుతో, మంచినీళ్లు కూడా తాగలేని స్థితిలో ఉన్నాడు. మర్నాడు సిరిసిల్ల బస్సులో ఉండాల్సిన మనిషి.

రెండు రోజులకు నన్ను సంజాయిషీ అడిగారు. "అంకె తప్పు వడ్డదని రాయి, అయిపోతది" అంది సిస్టర్. నా మంచికే చెప్పింది. నేను అట్లా రాయలేదు. లెక్కపెట్టకుండా రాశానని, ఇక్కడ అందరమూ అంతేనని, ఇకనుంచి నేను నిమిషం నిలబడే రాస్తానని, ఆలస్యమైందని నన్ను అడగొద్దని రాసి సంతకం పెట్టాను. వార్డు నుంచి తీసేస్తామన్నారు. తీసేయమన్నాను. ఇప్పటిదాకా తీయలేదు. ఈ పనికి మనుషులు దొరకాలి కదా.

పదకొండో రోజు ఆయన్ని మళ్లీ మా వార్డుకు తెచ్చారు. పీల్చిన చెరుకు పిప్పిలా ఉన్నాడు. రెండు రోజులు పడుకునే ఉన్నాడు. మూడో రోజు పొద్దున నేను మందులు సర్దుతుంటే వార్డు అదిరింది.

"ఏమే! నా చెప్పులు ఏడవెట్టినవే?"

సిస్టర్ పెదాల మీద వేలు పెట్టుకుని అటు ఉరికింది. మందుల ట్రే అక్కడే వదిలేసి, పోయి ఆమెకు అడ్డం నిలబడ్డాను.

"ఆయన్ని ఏమనకుండ్రి సిస్టర్. అరువనియ్యుండ్రి."

మా బాపు గొంతుతోనే అన్నాను.