జీలకర్ర పొట్లం మీద కవిత్వం

కన్యక తణుకు నుంచి పాలకొల్లుకి కోడలిగా వచ్చింది డెబ్బై ఆరులో. పదో తరగతి పాసైన పిల్ల. మామగారు గున్నేశ్వరరావుగారికి బజారులో పచారీ కొట్టు, కొట్టు వెనకే ఇల్లు. మధ్యాహ్నం పూట పాత నోటుపుస్తకాల కాగితాలకు మైదా జిగురు రాసి పొట్లాలు అంటించడం కోడలి వంతు. చేతులు అంటిస్తుంటే బుర్ర ఊరుకుంటుందా? పొద్దుటినుంచి ఇంట్లో చూసిందేదో రెండు లైన్లయి, ప్రాస కుదిరిపోయేది. చెబుదామంటే వినే తీరిక ఆ ఇంట్లో పిల్లికి కూడా లేదు. అందుకని పొట్లం మీద ఖాళీ ఉన్నచోట రాసి పడేసేది. పప్పులతో, పోపు సామానుతో అవి ఊరంతా తిరిగేవి. రెండేళ్ళయినా ఇవి ఎవరు రాశారని ఒక్కరూ అడగలేదు. ఆ బాధ మాత్రం ఆమెకు లోపల ఉండేది.

ఒకరోజు కొట్టు నిండా జనం ఉండగా జగదాంబగారు జీలకర్ర పొట్లం పట్టుకుని వచ్చింది. ఆవిడ బళ్ళో తెలుగు టీచరు. ఆవిడ నోటికి బజారంతా జడుస్తుంది.

“ఏవండీ గున్నేశ్వరరావుగారూ, మా ఆయన సంగతి మీ పొట్లం మీదికి ఎలా ఎక్కిందండి?” అంటూ అందరికీ వినబడేలా చదివింది.

‘కాఫీ బాగుందనడానికి నోరు రాదు,
గ్లాసు ఖాళీ అయ్యేదాకా చెయ్యి ఆగదు.’

గున్నేశ్వరరావుగారి పై ప్రాణాలు పైనే పోయాయి. లోపలికి కేకేసి కోడల్ని పిలిచారు.

“నేనే రాశానండి మావయ్యగారూ,” అంది కన్యక.

“నువ్వా? ఏ పత్రికలోదో చూసి ఎత్తి రాసుంటావు. బేరాలు చెడగొట్టే ఈ రాతలు ఇవాళ్టితో ఆఖరు!”

కలం లాక్కుంటే ఏడ్చి ఊరుకునేదేమో. ఎత్తి రాశావనేసరికి కన్యకకు ఒళ్ళు మండింది.

“ఆగండి,” అంది జగదాంబగారు. “సొంతమే అయితే ఇప్పుడే ఇంకోటి చెబుతుంది. చెప్పలేకపోతే అప్పుడు మాన్పించండి.”

“సరే, చెప్పమనండి. ముందు ఆ పొట్లం ఇటివ్వండి. నా కళ్ళజోడేదీ?” అంటూ ఆయన సొరుగులు లాగారు, డబ్బాలు జరిపారు. జనం మాత్రం కన్యకనే చూస్తున్నారు. ఆమె మామగారి వైపు చూసింది. నవ్వు ఆగలేదు.

“కొట్టంతా వెతికారు కళ్ళజోడేదంటూ,
నుదుటెక్కి కూర్చుంది నన్ను చూడండంటూ!”

కొట్టు గొల్లుమంది. గున్నేశ్వరరావుగారి చెయ్యి నుదుటి మీదికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. తర్వాత కళ్ళజోడు కిందికి దించుకుని పొట్లం రెండుసార్లు చదివారు.

“ఈ కాఫీది కూడా నా మీదేనా అమ్మా?”

“అవునండి,” అంది కన్యక, తల వంచకుండా.

“మనుషుల్ని ఇంత అల్లరి పెట్టి పేరు దాచుకుంటే ఎలాగమ్మా? రేపటినుంచి కింద నీ పేరు రాయి.”

మర్నాడు మొదటి పొట్లం మీద రెండు లైన్ల కింద ‘కన్యక, పాలకొల్లు’ అని పడింది, పద్యం కంటే పెద్ద అక్షరాలతో.