రేకు మైకులకు అలవాటైన చెయ్యి

తెనాలి మారీసుపేటలో మోటార్ వైండింగ్ ఆనందం ఎవరంటే అందరూ చూపించేవాళ్లు. జ్ఞానానందం అనే పూర్తి పేరు చర్చి రిజిస్టరులోనూ, అతని భార్య అన్నమ్మ కోపంలోనూ తప్ప వినపడేది కాదు. కొలకలూరు రైతులు కాలిపోయిన నీటి మోటార్లను బండిమీద వేసుకొచ్చి అతని షాపు ముందు దింపేవాళ్లు. అతను మూత విప్పి, వాసన చూసి, ఏ కాయిల్ దగ్గర మొదలై ఎక్కడిదాకా కాలిందో చెప్పేవాడు. విప్పి చూస్తే అంతే ఉండేది.

అతను బేస్ గిటార్ వాయిస్తాడన్న సంగతి మాత్రం పక్క షాపువాళ్లకే సరిగ్గా తెలియదు.

ఆ పిచ్చి 1979 క్రిస్మస్‌కి పట్టింది. గుంటూరు నుంచి వచ్చిన పాటల బృందంలో ఒకాయన నాలుగు తీగల గిటారు పట్టుకుని వెనకాల నిలబడ్డాడు. ఆయన మీటినప్పుడల్లా ఆనందం కూర్చున్న బెంచీ సన్నగా అదిరింది. పాట చెవులకి వినపడుతుంటే, ఇది మాత్రం తొడల కింద నుంచి వచ్చింది. అలాంటిది కొనే స్తోమత అతనికి లేదు. పాత టేకు తలుపు ఒకటి సంపాదించి, రంపం పట్టి తనే కోశాడు. తీగల కంపనాన్ని పట్టే పికప్‌ని షాపులో వెంట్రుకంత సన్నటి రాగి తీగతో తనే చుట్టాడు. అయస్కాంతం పాడైన స్పీకరులోది. మొదట చుట్టింది గీపెట్టింది. రెండోది మూగపోయింది. మూడోది పలికింది. ఆ రాత్రి అన్నమ్మ "మోటారు తిరిగిందా?" అని అడిగింది. "తిరిగింది" అన్నాడు.

తీగలు మద్రాసు నుంచి రావాలి. అవి మొద్దుబారితే పారేయకుండా, సోడా వేసిన నీళ్లలో మరగబెట్టి, జిడ్డు వదిలాక తుడిచి మళ్లీ బిగించేవాడు. ఆ గిన్నెలో ఇక పప్పు వండేది లేదని అన్నమ్మ ఒట్టు పెట్టుకుంది.

నేర్పినవాళ్లు లేరు. శ్రీనివాసరావు ఆర్కెస్ట్రాలో చేరాక పందిళ్లే అతనికి బడి. పెళ్లిళ్లు, వినాయకచవితి, దసరా, ఎక్కడ వాయించినా రేకు మైకులే. కరెంటు స్తంభాలకీ, వేపచెట్లకీ కట్టిన ఆ గొట్టాల్లోంచి గొంతు దూసుకొస్తుంది, వేణువు దూసుకొస్తుంది, బేస్ మాత్రం గొట్టం దాటకుండానే చస్తుంది. ఆనందం ఊరుకునే మనిషి కాదు. తీగల చివర, అవి బాగా బిగుతుగా ఉండేచోట, బొటనవేలితో గట్టిగా గుంజడం అలవాటు చేసుకున్నాడు. కింద స్వరం వినపడకపోతే దాన్నే పై స్థాయిలో పట్టుకునేవాడు. అప్పుడు ఉలి దెబ్బలాగా 'టక్కు' మని బయటికొచ్చేది. పన్నెండేళ్లలో బొటనవేలు కాయ కాసింది. బేస్ టోన్ అంటే అదేనని, అలా పలకనివాడికి వేళ్లలో బలం లేదని అతను గట్టిగా నమ్మాడు.

1991 మొదట్లో శ్రీనివాసరావు కీబోర్డు తెచ్చాడు. దాన్ని వాయించే పాండురంగ పాతికేళ్లవాడు, చురుకైనవాడు. కుడిచేత్తో పాట, ఎడమచేత్తో బేస్, మీట నొక్కితే దానంతటదే మోగే తాళం. ఆనందం రెండుసార్లు విన్నాడు. ఎక్కడా తప్పు లేదు. అదే అతన్ని భయపెట్టింది.

ఫిబ్రవరిలో బాపట్ల వర్తకుల సంఘం వార్షికోత్సవానికి బయల్దేరినప్పుడు, తెనాలి స్టేషన్లో శ్రీనివాసరావు సామాను లెక్క చూస్తూ ఆగాడు. ఆనందం బేస్ పెట్టె, తనే చేసుకున్న పెద్ద స్పీకరు పెట్టె, రెండూ అడ్డంగా పడి ఉన్నాయి.

"ఆనందం, ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకు."

"చెప్పండి."

"ఈ పెట్టె మొయ్యడానికే ఇద్దరు మనుషులు కావాలి. పందిట్లో అది ఎవడికి వినపడుద్దయ్యా? ఇవాళ హాల్లో కొత్త స్పీకర్లు పెడుతున్నారంట. చూద్దాం. తేడా తెలిసిందంటే సరే. తెలీకపోతే రేపు రేపల్లె ప్రోగ్రాంకి పాండురంగ ఒక్కడితోనే వెళ్తాం."

పాండురంగ నవ్వుతూ కల్పించుకున్నాడు. "అన్నయ్యా, నా ఎడమచెయ్యి ఖాళీగానే ఉంటది. నీకు రేపు చవకలో సెలవు!"

"నా కుడిచెయ్యి ఇంకా అరగలేదులే తమ్ముడూ" అన్నాడు ఆనందం. నవ్వాడు గానీ, బండి నిడుబ్రోలు దాటేదాకా బొటనవేలి కాయని నిమురుతూనే ఉన్నాడు. షాపు ఉంది, తిండికి లోటు లేదు. ఇది తిండి సంగతి కాదు. పన్నెండేళ్లు వెనక వరసలో నిలబడ్డ మనిషికి, నువ్వు లేకపోయినా ఎవరూ గమనించరు అన్న మాట మింగుడుపడదు.

బాపట్ల హాల్లో మైక్‌సెట్టు పెట్టింది కొలకలూరు బ్రహ్మయ్య. అరవై దాటినవాడు. రేకు మైకులతో జీవితమంతా గడిపి, ఆ నెలలోనే నిలువెత్తు నల్లటి స్పీకరు పెట్టెలు నాలుగు కొన్నాడు. వాటిని కొత్త ఎడ్లని చూసుకున్నట్టు చూసుకుంటున్నాడు.

"ఏరా ఆనందం, నీ గొట్టాలు పోయినయ్ రా. ఇప్పుడిక నీ వాయిద్యం పెద్దింటి అల్లుడే!"

"చూద్దాం బాబాయ్" అన్నాడు ఆనందం. నిజానికి అతనూ అదే అనుకున్నాడు. పన్నెండేళ్లుగా గొట్టంలో చచ్చిపోతున్న స్వరం ఇవాళ బయటికొస్తుంది. ముందురోజే తీగలు మరగబెట్టి మెరిసేలా తుడిచాడు.

సాయంత్రం ఆరింటికి మొదటి పాట. గాయని ఝాన్సీలక్ష్మి పల్లవి ఎత్తుకుంది. ఆనందం అలవాటు ప్రకారం బొటనవేలితో గుంజాడు.

హాలు దద్దరిల్లింది. వేదిక చెక్కలు, కిటికీ రెక్కలు, ముందు వరసలో పెద్దల చేతుల్లో గాజు గ్లాసులు, అన్నీ ఒక్కసారి మోగాయి. రెండో స్వరం మీటేసరికి మొదటిది ఇంకా గోడల్లో తిరుగుతోంది. మూడోది వచ్చి దానిమీద పడింది. ఝాన్సీలక్ష్మి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, రెండో చరణం ఒక స్వరం ఎక్కువగా ఎత్తుకుంది. తన గొంతు తనకే వినపడక ఎత్తుకుందని ఆమె ముఖం చూస్తే తెలుస్తోంది. ఆనందం ఇంకా గట్టిగా వాయించాడు. తప్పు దిద్దుకోవడానికి అతనికి తెలిసిన దారి అదొక్కటే.

మూడో పాటకి ముందు వరసలో ఒకాయన లేచి వెనక్కి వెళ్లిపోయాడు. నాలుగో పాటకి ఇద్దరు. ఆనందం బ్రహ్మయ్య వైపు చూసి, తగ్గించమని సైగ చేశాడు. బ్రహ్మయ్య తగ్గించాడు. చప్పుడు చిన్నదైంది గానీ, స్వరాలన్నీ ఒకదాన్లో ఒకటి కలిసిన ఆ ముద్ద ముద్దగానే ఉంది.

విరామంలో తెర వెనక శ్రీనివాసరావు గట్టిగా అరవలేదు. అరిస్తే నయమనిపించింది.

"తేడా తెలీదేమో అనుకున్నాను. బాగానే తెలిసింది."

"స్పీకర్లలో ఏదో తేడా ఉందండి."

"పాండురంగ కీబోర్డు ఆ స్పీకర్లలోంచే వస్తందిగా? అది శుభ్రంగా ఉంది. నువ్విక కూర్చో."

ఝాన్సీలక్ష్మి తల వంచుకుని మంచినీళ్లు తాగుతోంది. ఆనందం గిటారు పెట్టెలో పెట్టి మూత వెయ్యలేదు. మెట్లు దిగి, హాలు పక్కగా నడిచి, చివరి వరసలో ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు. ఇంటికెళ్లడానికి బండి ఎలాగూ తొమ్మిదింటిదాకా లేదు.

అప్పుడతనికి ఒక సంగతి తట్టింది. ఈ ఆర్కెస్ట్రాని అతను ఎన్నడూ జనంలో కూర్చుని వినలేదు. ఎప్పుడూ వెనక నిలబడి, తన పెట్టె పక్కనుంచి విన్నాడంతే.

పాండురంగ మొదలుపెట్టాడు. ఎడమచెయ్యి బేస్ శుభ్రంగా ఉంది. ఆనందం తలుపు దగ్గరి గోడకి అరచెయ్యి ఆనించాడు, మోటారు బేరింగు చూసేటప్పుడు పెట్టినట్టు. స్వరం వచ్చినప్పుడు గోడ అదిరింది. పాండురంగ వేలు తియ్యగానే ఆగిపోయింది. మళ్లీ వచ్చింది. మళ్లీ ఆగింది. అరచెయ్యి అలాగే ఉంచి అతను రెండు పాటలు విన్నాడు.

తప్పు స్పీకర్లది కాదు. మీటడం అతనికి వచ్చు. ఆపడం రాదు. రేకు మైకుల్లో స్వరం దానంతటదే చచ్చిపోయేది కాబట్టి, ఒకసారి మీటిన తీగని పన్నెండేళ్లలో ఒక్కనాడూ ఆపాల్సిన పని పడలేదు. గొట్టాలు చేసిన పనిని తన పనితనం అనుకున్నాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. వాయించేటప్పుడు రాని సిగ్గు అది.

ఇంకోటి కూడా విన్నాడు. చరణం చివర ఝాన్సీలక్ష్మి ఊపిరి ఉన్నంతసేపు స్వరాన్ని సాగదీస్తుంది. అది ఆమె తీరు. కీబోర్డు తాళం ఆగదు, దాంతోపాటు పాండురంగ ఎడమచెయ్యీ ఆగదు. ఆమె రెండుసార్లు గుటక వేసి, సాగదీయడం మధ్యలో తుంచుకుని పరుగెత్తి అందుకుంది.

ఆనందం లేచి తెర వెనక్కి వెళ్లాడు. షాపు సంచిలో కాయిల్స్ కట్టే కాటన్ నాడా చుట్ట ఎప్పుడూ ఉంటుంది. మూరెడు తుంచి, నాలుగు మడతలు వేసి, తీగలు బిగించిన చివర ఒకదాని కిందుగా, ఒకదాని మీదుగా అల్లాడు. మీటి చూశాడు. స్వరం చిన్నగా పలికి ఆగింది. ముద్ద లేదు. బొటనవేలి కాయ పక్కన మెత్తటి చోటుతో, గిటారు మెడకి దగ్గరగా మళ్లీ మీటాడు. టేకు చెక్క అతని పొట్టకి ఆనుకుని సన్నగా అదిరింది, చర్చి బెంచీలాగా.

పాట అయ్యి చప్పట్లు మోగుతుంటే శ్రీనివాసరావు దగ్గరికి వెళ్లాడు. "సార్, తరవాత జోలపాట ఉందిగా, దానికి నన్ను రానీయండి."

"వద్దయ్యా. ఇప్పుడిప్పుడే జనం కూర్చున్నారు."

"ఆ ఒక్క పాటేనండి."

"ఆనందం, నామీద ఒట్టేసి చెప్తున్నాను, ఇంకోసారి ఆ మోత వచ్చిందంటే..."

వెనకనుంచి ఝాన్సీలక్ష్మి అంది. "రానీయండి సార్. జోలపాటకి ఈ తాళం పెట్టె పనికిరాదు. పిల్లని నిద్రపుచ్చుతున్నట్టు లేదు, బస్సెక్కిస్తున్నట్టుంది."

"నేనేం చేశానక్కా?" అన్నాడు పాండురంగ, నిజంగానే నొచ్చుకుని.

"నువ్వేం చెయ్యలేదు నాయనా. అది ఆగదు, నువ్వేం చేస్తావు?"

శ్రీనివాసరావు ఆనందం వైపు చూశాడు. తీగల మధ్య అల్లిన నాడాని చూశాడు. "ఇదేంటి, గిటారుకి కట్టు కట్టావా?"

"అవునండి."

"ఒక్క పాట. తేడా వచ్చిందా, రేపు రేపల్లె బండి ఎక్కక్కర్లేదు."

జోలపాటకి తాళం లేదు. పాండురంగ కుడిచేత్తో రెండు స్వరాలు పట్టి వదిలాడు. ఝాన్సీలక్ష్మి మొదలుపెట్టింది. ఆనందం మొదటి స్వరం మీటలేదు. అతని చేతులు మీటమంటున్నాయి, మీటలేదు. రెండో పాదం మొదట్లో ఒక్కటి మీటాడు, అన్నిటికన్నా లావు తీగ, అన్నిటికన్నా కింది స్వరం. ముందు వరసలో ఒకాయన తలెత్తాడు. ఆనందం ఎడమచేతి వేళ్లు తీగమీద మెత్తగా ఆనించి స్వరాన్ని ఆపాడు. ఆ పెద్దాయన మళ్లీ తల కుర్చీకి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

ఒక్కో పాదానికీ రెండు స్వరాలే. మీటినదానికన్నా ఆపినదాన్నే ఎక్కువ లెక్కపెట్టుకున్నాడు. ఒకచోట నాడా జారి తీగ కొంచెం గరగరలాడింది. బ్రహ్మయ్య బల్ల దగ్గర చటుక్కున తలెత్తాడు. ఆనందం అరచేతి అంచుతో తీగని అదిమి, ఏమీ జరగనట్టే తరవాతి స్వరం మీటాడు. చెమట కంట్లోకి దిగింది, తుడుచుకునే వీల్లేదు.

చివరి చరణం. ఝాన్సీలక్ష్మి సాగదీసింది. ఎంతసేపో అతనికి తెలియదు, ఆమెకీ తెలియదు. ఆమె భుజం వైపు చూస్తూ, వేలు తీగమీద పెట్టి ఉంచాడు. భుజం ఇంకా పైనే ఉంది. పాండురంగ కీబోర్డు మీద చేతులెత్తి ఇతని వైపే చూస్తున్నాడు. హాల్లో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. భుజం దిగింది. ఆమె ఊపిరి స్వరం మీదికి దిగిన చోటే ఆనందం వేలు కూడా దిగింది. పైన గొంతు, కింద టేకు చెక్క, రెండూ ఒకే చోట ఆగాయి.

చప్పట్లు ఝాన్సీలక్ష్మికే. బేస్ బాగుందని ఎవరూ అనలేదు. మిగిలిన మూడు పాటలకీ కూర్చోమని కూడా ఎవరూ అనలేదు, అందుకని వాయించాడు.

సామాను సర్దేటప్పుడు బ్రహ్మయ్య వైర్లు చుడుతూ వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు. "మధ్యలో గరగరమంది, నా స్పీకరు పోయిందా ఏంట్రా?"

"కాదు బాబాయ్. నాదే."

"హమ్మయ్య" అని ఆయన వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం తెనాలి స్టేషన్లో రేపల్లె పాసింజరు నిండిపోయి ఉంది. వెళ్లమని గాని, వద్దని గాని రాత్రి శ్రీనివాసరావు నోటివెంట రాలేదు. ఆనందం గిటారు పెట్టె పట్టుకుని వచ్చాడు. పెద్ద స్పీకరు పెట్టె బదులు సంచిలో పట్టే చిన్నది ఒకటి తెచ్చాడు. ఆర్కెస్ట్రావాళ్లు ఎక్కిన బోగీ దగ్గర ఆగి, ఎక్కాలా వద్దా తేలక నిలబడ్డాడు. రేపల్లెలో మళ్లీ రేకు మైకులే. గొట్టాల్లో ఈ మెత్తటి స్వరం చీమ నడిచినంత కూడా వినపడదు. అది అతనికి తెలుసు, శ్రీనివాసరావుకీ తెలుసు. గార్డు ఈల వేశాడు.

కిటికీలోంచి శ్రీనివాసరావు తల బయటికి పెట్టాడు. "ఏంటయ్యా అక్కడ నిలబడ్డావ్? ఆ గుడ్డముక్క తీసేశావా?"

"లేదండి. ఉంది."

"రేకు మైకుల్లో వినపడదుగా మరి?"

"వినపడదండి. ఝాన్సమ్మకి వినపడితే చాలండి. పక్కనే నిలబడతాను."

శ్రీనివాసరావు తల లోపలికి తీసుకున్నాడు. ఆనందం మెట్టు మీద కాలు పెట్టి, జనాన్ని తోసుకుంటూ లోపలికి వెళ్లేసరికి, కిటికీ పక్క చోటులో శ్రీనివాసరావు కండువా పరిచి ఉంది. ఎవరో ముసలాయన దాన్ని పక్కకి నెట్టి కూర్చోబోతున్నాడు.

"అయ్యా, ఆ చోటుకి మనిషున్నాడండి" అంటున్నాడు శ్రీనివాసరావు.