అమ్మ పెట్టిన మీటింగ్

హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి బచ్చన్నపేటలో మా ఇంట్లో కూర్చునే చేసిన ఇంటర్న్‌షిప్ నిన్నటితో అయిపోయింది. ఉద్యోగం ఇస్తారా అంటే "మెయిల్ చేస్తాం" అన్నారు.

ఇన్నాళ్లూ పొద్దున్నే ఫోన్లో మీటింగ్ ఉండేది. నిన్న ఏం చేశాం, ఈ రోజు ఏం చేస్తాం, పనికి ఏమైనా అడ్డం వస్తోందా అని ఒక్కొక్కరూ చెప్పాలి. చేనుకు పోయేముందు అమ్మ అదంతా వింటూ ఉండేది.

ఈ రోజు మీటింగ్ లేదు. మంచం మీద కూర్చుని మాటిమాటికీ మెయిల్ తెరిచి చూస్తున్నాను. అమ్మ సద్ది కట్టుకుంటూ అడిగింది.

"నిన్న ఏం జేసినవ్ బిడ్డా?"

"కాలేజీకిచ్చే రిపోర్టు రాసిన."

"ఇయ్యాల ఏం జేస్తవ్?"

"కంపెనీ మెయిల్ కోసం చూస్త. మరి నీ సంగతేంది?"

"నిన్న సగం చేను పత్తి ఏరిన. ఇయ్యాల మిగిలింది ఏరాలె."

"అడ్డమేమన్న ఉన్నదా?"

"ఉన్నది. తోడొచ్చే మనిషి మంచం దిగుతలేదు."

ఇన్ని నెలల మీటింగుల్లో అడ్డం ఏమిటో ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. సాయంత్రం దాకా పత్తి ఏరి వచ్చాను. మెయిల్ రాలేదు. రేపు పొద్దున మాత్రం మళ్లీ మీటింగ్ ఉందట.

మీ ఇంట్లో మేనేజర్ ఎవరు?