మంచం కింద కోడి కార్జం

ఏళ్ళ తరబడి దీన్ని మింగలేక కక్కలేక మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నరసరావుపేటలో డిగ్రీ చదివేటప్పుడు షాహీన్, నేను ఒకే గదిలో అద్దెకుండేవాళ్ళం. తనది వినుకొండ, వాళ్ళ నాన్న మెకానిక్. ఇంటావిడ గుడ్డు కూడా గుమ్మం దాటి రాకూడదనేది. నా పూచీ మీదే షాహీన్‌కు చోటిచ్చింది. పాపం, షాహీన్ ఆ మాట ఏనాడూ తప్పలేదు. నాతో పాటు గోంగూర పచ్చడి, మజ్జిగన్నం తినేది.

తప్పింది నేను. ప్రాజెక్టు కోసం కాలవలో రాళ్ళ కింద నుంచి ప్లనేరియాలు తెచ్చి మంచం కింద గాజుగిన్నెలో పెంచాను. గోరంత చదును పురుగులు. రెండుగా కోస్తే తల ముక్కకు తోక, తోక ముక్కకు తల మొలుస్తాయి. నోరు పొట్ట మధ్యలో ఉంటుంది, తిన్నా విసర్జించినా దానితోనే. వాటికి కోడి కార్జమంటే ప్రాణం. పొట్లం కట్టించి పుస్తకాల సంచిలో దాచి తెచ్చేదాన్ని. షాహీన్ ముక్కు మూసుకుని నవ్వేది. ఓసారి మిగిలిన ముక్క పారేయడం మరిచిపోయాను.

ఇంటావిడ గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"ఏమే, నా ఇంట్లో ఈ నీచు కంపేంది?" అడిగింది నన్నే. చూసింది మాత్రం షాహీన్ వైపు.

"నాకు తెలీదు పిన్నీ," అన్నాను.

ఎందుకన్నాను? గది పోతుందనా? ఇంట్లో చదువు మాన్పిస్తారనా? లేక నింద మోయడానికి పక్కనే ఒక మనిషి ఉంది, తన పేరు వింటేనే అందరూ నమ్మేస్తారు, నేను ఇంకేమీ అనక్కర్లేదని లోపలెక్కడో అనుకున్నానా? అనుకున్నాను.

షాహీన్ కూడా నా పేరు చెప్పలేదు. ఇంటావిడ గది ఖాళీ చేయమంటే, బట్టలు సర్దుకుంటూ, "నువ్వు చెప్తావనుకున్నానే," అంది. కొన్నాళ్ళు వినుకొండ నుంచి రైల్లో వచ్చింది. తర్వాత ఇంట్లోవాళ్ళు వద్దన్నారు. తన చదువు ఆగిపోయింది. నా ప్రాజెక్టుకు మంచి మార్కులొచ్చాయి.

ఇప్పుడు సత్తెనపల్లిలో జువాలజీ చెబుతున్నాను. ఒక్కదాన్నే ఉంటాను. మళ్ళీ ఎవరితోనూ గది పంచుకోలేదు. తిండి దొరక్కపోతే ప్లనేరియా వెంటనే చావదు, తన ఒంటినే కరిగించుకుంటూ చిన్నదైపోతుంది. ఆ పాఠం వచ్చినప్పుడు పిల్లల్నే చదువుకోమంటాను. ఓసారి వినుకొండ బస్సెక్కి, అది కదలకముందే దిగిపోయాను. తను క్షమించేస్తే ఏం చేయాలో తెలియక.

ఆరోజు అనాల్సిన మాట ఇక్కడ, ఖాళీ గదిలో, పైకే అంటున్నాను. ఊపిరి కాస్త ఆడుతోంది.

పిన్నీ, ఆ కార్జం తెచ్చింది నేనే.