ఘాటు కింద బెల్లం వాసన

మా ఇల్లు నా ముక్కు మీద ఆధారపడి గడుస్తోంది. నేను రొయ్యల గుంటల దగ్గర సరుకు చూసి కంపెనీలకు ఇప్పించే మనిషిని. పట్టుబడికి, అంటే గుంటలో రొయ్యలన్నీ పట్టి అమ్మడానికి ముందు, గుంటలోంచి గుప్పెడు రొయ్యలు తీయించి, ఉప్పూ కారం లేకుండా ఉడికించి, ముందు వాసన చూస్తాను, తర్వాత నోట్లో వేసుకుంటాను. మట్టి వాసన తగిలిందా, పట్టుబడి ఆగిపోతుంది. నీళ్ళు మార్చి, కొన్నాళ్ళు ఆగి మళ్ళీ చూడాల్సిందే. రైతుకు ఎంత కష్టంగా ఉన్నా నా మాట కాదన్నవాళ్ళు ఇంతవరకు లేరు.

విస్కీ దగ్గర కూడా నాకు అదే గర్వం. ఆదివారం సాయంత్రం రెండు పెగ్గులు తాగుతాను, కానీ తెలిసినవాడిలా తాగుతాను అనుకునేవాణ్ణి. ఓడలో పనిచేసే మా బావమరిది ఒకసారి అమెరికా బర్బన్ సీసా తెచ్చి చేతిలో పెట్టాడు. మొక్కజొన్నతో చేసే విస్కీ అట. మామూలు వాటికంటే స్పిరిటు బాగా ఎక్కువ, నిదానంగా తాగు బావా అన్నాడు. నిదానం మనకెక్కడిది? నెత్తళ్ళ చేపల వేపుడు పక్కన పెట్టుకుని, ఎప్పటిలాగే లార్జ్ పోసి, ఒక్క గుటకలో సగం దించేశాను. గొంతు నుంచి చెవుల దాకా మండింది. పొలమారి, కళ్ళు తుడుచుకుంటూ అడిగాను.

"ఇది తాగేదా, పెయింటు పనోళ్ళు బ్రష్షులు కడుక్కునేదా?"

బావమరిది పగలబడి నవ్వాడు. సీసా మాత్రం బియ్యం డ్రమ్ము వెనక్కి పోయింది.

ఈ మధ్య నాకు ఒక జ్వరం వచ్చింది. వారం తిరక్కుండానే తగ్గింది. లేచి వంటింటి గుమ్మంలో కూర్చుని, ఏం చేస్తున్నావని మా ఆవిడను అడిగాను. ఆమె గరిటె పట్టుకుని నా వైపు తిరిగింది.

"ఎండుచేపలు వేయిస్తా ఉండాను. వీధంతా తెలస్తా ఉంటే నీకు తెలీలేదా?"

తెలియలేదు. కాఫీ పొడి డబ్బాలో ముక్కు పెట్టాను, సబ్బు వాసన చూశాను, చివరికి కిరసనాయిలు సీసా కూడా. ఏమీ లేదు. తిరిగొస్తుంది గానీ ఎప్పుడో చెప్పలేనన్నాడు డాక్టరు. ముక్కు పోయిన మనిషి రొయ్యలేం చూస్తాడు? బయట ఎవరికీ చెప్పలేదు. నీరసమని చెప్పి ఇంట్లోనే ఉన్నాను. అవతల ఒక రైతు పట్టుబడికి సిద్ధంగా ఉండి రోజూ ఫోన్ చేస్తున్నాడు.

"అన్నా, ఎప్పుడొస్తావు?"

అప్పుడు గుర్తొచ్చింది ఆ సీసా. పడుకున్న ముక్కును లేపితే అదే లేపాలి అనుకున్నాను. మూత తీసి గట్టిగా పీల్చాను. ముక్కు చుర్రుమంది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా సంతోషం ఏం చెప్పను! వెంటనే రైతుకు ఫోన్ చేసి, రేపొస్తున్నానని చెప్పేశాను. మా ఆవిడ అంతా విని అడిగింది.

"ఏం వాసనొచ్చింది?"

"మంచి ఘాటుగా వచ్చింది."

"ఘాటు వాసనెట్టా అయితాది? ఉల్లిపాయలు కోస్తా ఉంటే నీ కళ్ళు మండతానే ఉండాయి గదా. ఆ ఉల్లిపాయ వాసన తెలస్తా ఉందా మరి?"

మంటను పట్టుకుని వాసన అనుకున్నాను. ఆ మాటకొస్తే మొదటిసారి తాగిన రోజు కూడా నాకు తెలిసింది మంటే. రైతుకు మళ్ళీ ఫోన్ చేసి, రాలేనని చెప్పడం నా వల్ల కాలేదు. మా ఆవిడే చేసి, మళ్ళీ జ్వరం తగిలిందని చెప్పింది.

ఆ తర్వాత రోజూ సాయంత్రం సీసా మూతెడు బర్బన్ గ్లాసులో పోసి, మంట తగ్గేందుకు దానికి సమానంగా నీళ్ళు కలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చునేవాణ్ణి. తాగేవాణ్ణి కాదు. రుచి తెలియని నోటికి విస్కీ ఎందుకు? ఒక్కో సాయంత్రం ఏడుపు వచ్చేది. రోజూ పారబోసి లేచేవాణ్ణి.

ఒక రోజు పారబోయబోతుంటే ఏదో తగిలింది. బెల్లం పాకం ముదురుతున్నప్పటి వాసన. అది పోతుందేమోనని కదలకుండా కూర్చున్నాను. పోలేదు. దాని వెనకే అప్పుడే కోసిన చెక్క వాసన కూడా వచ్చింది. చిన్న గుక్క తీసుకున్నాను. తియ్యగా ఉంది! నేను తిట్టిన సీసా ఇదేనా అని లేబులు మళ్ళీ చూశాను. అప్పుడిక ఆపుకోలేక గట్టిగానే ఏడ్చాను.

మర్నాడు పొద్దున్నే రైతు గుంట దగ్గరున్నాను. ఉడికించిన రొయ్యల గిన్నె మూత తీయగానే మొహాన కొట్టింది మట్టి వాసన. నవ్వు ఆగలేదు నాకు.

"ఏందన్నా, నవ్వతా ఉండావు? బాగుండాయా?"

"లేదబ్బయా, మట్టి వాసన! చక్కటి మట్టి వాసన!"

"దానికి నవ్వతారా ఎవురైనా?" అన్నాడు, మొహం వేలాడేసి.

గట్టు మీద కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పాను. అంతా విని అతనన్నాడు.

"అయితే ఆ రోజు వచ్చుంటే బాగుండాయనే చెప్పుండేవోడివి."

"చెప్పుండేవాణ్ణి. కంపెనీవోళ్ళు లోడంతా తిప్పి పంపుండేవోళ్ళు."

"బతికించినావన్నా," అని లేచి, మోటారు వేయడానికి వెళ్ళాడు. నీళ్ళు మార్చాక మళ్ళీ వస్తానని చెప్పి ఇంటికొచ్చాను.

ఆ సాయంత్రం నీళ్ళు కలిపిన బర్బన్‌తో గుమ్మంలో కూర్చుని, బెల్లం వాసన చూడమని మా ఆవిడకు గ్లాసు అందించాను. ఆమె ముక్కు దగ్గర పెట్టుకుని వెంటనే తిరిగిచ్చేసింది.

"బెల్లమూ లేదు, గిల్లమూ లేదు. పెయింటు వాసన."

నేను మళ్ళీ చూశాను, కళ్ళు మూసుకుని, నిదానంగా.

"అదీ ఉండాది," అన్నాను. "అదీ తెలస్తా ఉంది నాకు."